నలభైకి పన్నెండు

మార్చి మొదటి శనివారం బేస్‌బాల్ సీజను మొదలవుతుందని పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో జనవరి నుంచే రోజులు లెక్కపెట్టసాగారు. ఆ లెక్క కూడా సరిగా రాదు. ఒకావిడ ముప్పై తొమ్మిది రోజులంది, ఇంకొకాయన నలభై రెండన్నాడు. నేను క్యాలెండరు చూసి నలభై ఒకటి అని పెట్టాను. పదకొండు మంది బొటనవేలి బొమ్మ పెట్టారు. మర్నాడు ఆయనే మళ్లీ నలభై రెండని పెట్టాడు.

తెనాలిలో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పి, సింగపూర్‌లోని పుంగ్గోల్‌లో మా అమ్మాయి ఫ్లాట్‌కు వచ్చాను. రెండో ఏడు మనవరాలు బేస్‌బాల్ జట్టులో చేరింది. స్కోరు పుస్తకం రాసేవాళ్లు దొరకలేదు. గళ్లు, అంకెలు కనబడగానే నేను రాస్తానన్నాను. అప్పటి నుంచి ఒక్క ఆటా మానలేదు.

ఆటకు వెళ్లడంలో నాకు సుఖం లేదు. హోమ్ గేమ్ అంటారు గాని అన్ని జట్లకూ ఉన్నది ఒకటే మైదానం. హోమ్ జట్టు అవతలి జట్టు తర్వాత బ్యాటింగుకు దిగుతుంది, దాని స్కోరు పుస్తకమే చెల్లుతుంది. తేడా అంతే. నీడ పడే బెంచీలు నాలుగు. ఏడున్నర ఆటకు ఆరున్నరకే వాటి మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోటు పట్టేసి, దాన్నే ఇక్కడ చోప్ అంటారు, మనుషులు మాత్రం కాఫీకి పోతారు. కాలు జారిన పిల్లను తల్లి అందరి ముందూ తిడుతుంది. గెలిస్తే ఆ తల్లే ముద్దులు పెడుతుంది. ఈ మనుషుల మధ్య నా పుస్తకం ఒక్కటే శుభ్రమైనదని గర్వపడేదాన్ని. కోచ్ కూడా అందరి ముందూ, "ఆంటీ బుక్, నో నీడ్ చెక్ లా" అనేవాడు.

పోయిన సీజను ఆఖరి హోమ్ గేములో మనవరాలు మెల్లగా ఒక బంతి కొట్టింది. అవతలి జట్టు పిల్ల కాళ్ల మధ్య నుంచి అది దూరిపోయింది. కళ్లు మూసుకున్నా ఆపగలిగిన బంతి. ఫీల్డరు అలా వదిలేస్తే బ్యాటు పట్టిన పిల్లకు హిట్ రాదు, గడిలో ఎర్రర్ అని ఇంగ్లీషు 'ఈ' అక్షరం వేయాలి. మనవరాలు మొదటి బేసు మీద నిలబడి రొప్పుతూ నవ్వింది. నేను హిట్ అని వేశాను. పెన్సిల్ ఆగలేదు. అదే నాకు ఇప్పటికీ కంపరం.

జనవరిలో మా అమ్మాయి పుస్తకం తీసి భోజనాల బల్ల మీద పెట్టింది. ఇక్కడ ఆటలో ప్రతిభ ఉన్న పిల్లలకు పెద్ద పరీక్షకు ముందే మంచి హైస్కూల్లో సీటిస్తారు.

"అమ్మా, నలభైకి పన్నెండు హిట్లు. అంటే వెయ్యికి మూడు వందలు. కోచ్ మూడు వందలుంటే ధైర్యంగా సిఫారసు రాస్తానన్నాడు. జస్ట్ సరిపోయింది చూడు."

నేను కళ్లజోడు తుడుచుకున్నాను. "పదకొండే. రెండు వందల డెబ్బై అయిదు."

"నీ పుస్తకంలో పన్నెండుంది కదా."

"ఒకటి నేను తప్పు రాశాను."

ఆమె పుస్తకం మూసింది. "తెలిసే రాశావా?"

"తెలిసే."

"అయితే ఇంకేం. నాలుగు నెలలు కడుపులో పెట్టుకున్నావు, ఇంకో నాలుగు పెట్టుకోలేవా? ఒక్క గడి కోసం దాని సీటు పోగొడతావా?"

ఇంటి పక్క హాకర్ సెంటరులో, తిండి కొట్ల మధ్య, కోచ్‌ను కలిసి చెప్పాను. ఆయన నూడుల్స్ తింటూ నవ్వాడు. "వన్ బాక్స్ ఓన్లీ, ఆంటీ. ఎవ్రీబడీ ఆల్సో డూ." అందరూ చేసేదే నేనూ చేశానని నన్ను ఓదారుస్తున్నాడు.

మనవరాలికి చెప్పడం అన్నిటికన్నా కష్టమనుకున్నాను. అది ఫోన్ లోంచి తల కూడా ఎత్తలేదు.

"ఐ నో, అమ్మమ్మా. దట్ వన్ ఎర్రర్ లా."

"మరి ఎందుకు చెప్పలేదే?"

"యూ రోట్ ఇట్ వాట్. నువ్వు రాస్తే ఓకేనేమో అనుకున్నా."

పన్నెండేళ్ల పిల్ల. నా పుస్తకాన్ని నమ్మి, తన కళ్లను నమ్మడం మానేసింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఎవరి పేపర్లోనూ అర మార్కు దానం చేయని మనిషిని నేను. నా మీద నాకు కలిగిన రోతకు ఆ సాయంత్రం అన్నం సయించలేదు.

ఫిబ్రవరి రెండో ఆదివారం రబ్బరు తీసుకుని ఆ గడి చెరిపి 'ఈ' వేశాను. మొత్తం పదకొండు చేసి పక్కన సంతకం పెట్టాను. మా అమ్మాయి తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. పదో రోజున దరఖాస్తు కాగితం నా ముందు పెట్టి, "అంకె నువ్వే వెయ్యి" అంది. వేశాను. సీటు సంగతి ఇంకా తేలలేదు. రాకపోతే ఆ మాట జీవితాంతం వింటాను.

మార్చి మొదటి శనివారం, హోమ్ గేమ్. మళ్లీ అవే టిష్యూ ప్యాకెట్లు, అవే అరుపులు. టోపీ పెట్టుకుని ఎండలో మెట్టు మీద కూర్చున్నాను. రెండో ఇన్నింగ్సులో మనవరాలు కొట్టిన బంతి ఫీల్డరు గ్లవ్‌లో పడి జారిపోయింది. మా వాళ్లంతా చప్పట్లు కొట్టారు. అది బేసు మీద నిలబడి బంతిని చూడలేదు, తల్లినీ చూడలేదు. నా పెన్సిల్ వైపు చూసింది. నేను 'ఈ' వేసి తలెత్తేదాకా అలాగే చూసింది. అప్పుడు హెల్మెట్ సర్దుకుని రెండో బేసు వైపు తిరిగింది.

ఆ వెంటనే పిడుగుల హెచ్చరిక సైరను మోగింది. అందరం షెడ్డు కిందికి పరిగెత్తాం. గంటసేపు చూసి ఆట రద్దు చేశారు. సగంలో ఆగిన ఆట సీజను లెక్కలోకి రాదు, అందులో రాసినదేదీ చెల్లదు. అయినా ఆ పేజీ నేను చింపలేదు.