నాలుగో జత చెప్పులు

అమెరికాలో హెర్న్‌డన్ అనే ఊళ్ళో మేము అద్దెకున్న అపార్ట్‌మెంట్‌కి ఒకటే బెడ్‌రూమ్. గోడలు పల్చన, కిటికీ తెరిస్తే పార్కింగ్ లాట్. అయినా ఆ ఇల్లంటే నాకు ప్రాణం. నేను నర్సుగా చేసే నర్సింగ్ హోమ్ రోడ్డుకి అవతలే ఉండేది మరి. డ్రైవింగ్ టెస్టు అప్పటికి రెండుసార్లు తప్పాను. రెండోసారి కారు దిగుతూ ఆ టెస్టు పెట్టినాయనే, తొందరేం లేదు, నెమ్మదిగా నేర్చుకోండని చెప్పి గబగబా వెళ్ళిపోయాడు. మా ఆయన పొద్దున్న ఆరింటికే కార్ తీసుకుని ఆఫీస్‌కి పోయేవారు. ఆ ఇల్లు పోతే నా ఉద్యోగం పోయినట్టే. ఇది ఎనభైల మొదట్లో మాట.

లీజు ఏడాదికోసారి పొడిగించుకోవాలి. మొదటి రెండుసార్లు ఆఫీసుకెళ్ళి సంతకం పెట్టి వచ్చేశాం. మూడోసారి మాత్రం మేనేజరమ్మ ఉత్తరం రాసింది. లీజులో రాసుకున్నది ముగ్గురే, మీ తలుపు బయట రోజూ నాలుగు జతల చెప్పులు కనిపిస్తున్నాయి, ఆదివారం మధ్యాహ్నం వచ్చి చూశాకే సంతకం పెడతాను, అని.

ఓరి దేవుడా! చెప్పులు లెక్కపెట్టే మనుషులుంటారని ఎవరికి తెలుసు? మన ఇళ్ళలో చెప్పులు గుమ్మం బయట విడవమని ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ బిల్డింగ్ మొత్తం మీద అలా విడిచేది మాత్రం మేమొక్కళ్ళమే.

నేను, మా ఆయన, పాప కాక ఆ నాలుగో జత మా వదినది, అంటే మా ఆయన అక్కగారిది. తెనాలి నుంచి వచ్చి ఐదు నెలలైంది. పాపను చూసుకునేది ఆవిడే. ఆవిడ ఉంది కాబట్టే నేను నిశ్చింతగా డ్యూటీకి వెళ్ళేదాన్ని. ఒక బెడ్‌రూమ్ ఇంట్లో ముగ్గురికి మించి ఉండకూడదని లీజులో ఉంది. వచ్చిన చుట్టాలు రెండు వారాల్లో వెళ్ళిపోవాలనీ ఉంది.

"ఉన్నదున్నట్టు చెప్పేద్దామే. మహా అయితే ఏమంటారు?" అన్నారు మా ఆయన.

"ఏమంటారా? ఖాళీ చెయ్యమంటారు. అప్పుడు నన్ను రోజూ భుజానేసుకుని డ్యూటీకి తీసుకెళ్తారా మీరు?" అన్నాను.

ఉపాయం నాదే. ఆ ఆదివారం మా తెలుగువాళ్ళ ప్రార్థన కూడిక మా ఇంట్లో పెట్టించాను. ఇరవై జతల చెప్పుల్లో వదినవి ఎవరు గుర్తుపడతారు? ఓహో, కూడిక కాబోలు అనుకుని మేనేజరమ్మ వచ్చిన దారినే వెళ్ళిపోతుందని నా లెక్క.

సరిగ్గా పాట మధ్యలో వచ్చిందావిడ. కారిడార్ నిండా చెప్పులు చూసి గుమ్మంలో ఆగిపోయింది. తరవాత తన బూట్లు కూడా విప్పి వాటి పక్కన పెట్టి, లోపలికొచ్చి కూర్చుంది. పాస్టర్‌గారు ప్రార్థన ముగించారు. గారెలు పెట్టాం. ఆవిడ రెండు తిని మూడోది అడిగి వేయించుకుంది కానీ కదిలితేనా! "వందనాలండీ" అంటూ ఒక్కో కుటుంబమే బయల్దేరుతోంది, బయట ఒక్కో జతే తగ్గుతోంది. అందరూ వెళ్ళేదాకా కూర్చునే మనిషని నాకు ముందు తట్టనేలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

చివరికి పాస్టర్‌గారు, వాళ్ళావిడ మిగిలారు. మేనేజరమ్మ లేచి, వదిన వైపు చూపించి, ఈవిడ ఇక్కడే ఉంటుందా అని ఇంగ్లీషులో అడిగింది. వదిన పాపను ఎత్తుకుని నిలబడి ఉంది.

"లేదు, విజిటర్. ఇప్పుడు వీళ్ళతోనే వెళ్ళిపోతోంది," అన్నాను నేనూ ఇంగ్లీషులో. అప్పటిదాకా బైబిల్ వాక్యం చదివిన నోరే అది. తరవాత తెలుగులో, నవ్వుతూనే, "వదినగారూ, పాస్టర్‌గారి కార్‌లో వెళ్ళిపోండి. ప్లీజ్. రేపు అన్నీ చెప్తాను," అన్నాను.

వదిన పాపను నా చేతికిచ్చింది. పాప "అత్తా" అంటూ ఏడుపు లంకించుకుంది. చేతిలో సంచైనా లేకుండా, చెప్పులేసుకుని ఆవిడ మెట్లు దిగింది. పాస్టర్‌గారు తల వంచుకుని కారు తాళాలు తీసుకుని, వాళ్ళావిడతో వెనకే దిగారు. మా ఆయన నా వైపు చూడలేదు. మేనేజరమ్మ తన బూట్లు వేసుకుని, మిగిలిన మూడు జతల వంక చూసి, కాగితం గోడకానించి అక్కడే సంతకం పెట్టింది.

మర్నాడు సాయంత్రం మా ఆయన వెళ్ళి అక్కగారిని తీసుకొచ్చారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. క్షమించమని అడగబోతే, "ఉద్యోగం ముఖ్యం కదమ్మా, నాకు తెలీదా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆవిడ చెప్పులు తలుపు బయట కనిపించలేదు. లీజు కోసం జాగ్రత్త పడుతోందనుకున్నాను. అబద్ధమెందుకు, హమ్మయ్య అని కూడా అనుకున్నాను. తరవాత రెండుసార్లు పొడిగించినప్పుడు ఎవరూ చూడ్డానికి రాలేదు.

మూడేళ్ళకి సొంత ఇల్లు కొన్నాం. నాలుగో ప్రయత్నంలో నాకు లైసెన్సూ వచ్చింది లెండి. గృహప్రవేశం కూడిక అయ్యి, అందరూ వెళ్ళాక వరండా ఊడుద్దామని చూస్తే అక్కడున్నవి మూడే జతలు. లోపలికెళ్ళాను. వదిన పెట్టె తెరిచి పెట్టుకుని ఉంది. చీరల పక్కన న్యూస్‌పేపర్‌లో చుట్టిన చెప్పులు.

"ఇది మనిల్లు వదినగారూ. ఇక్కడ ఎవరు లెక్కపెడతారండీ? బయట పెట్టుకోండి," అన్నాను.

"ఉండనీలే అమ్మాయ్," అంది వదిన పెట్టె మూస్తూ. "మళ్ళీ వెళ్ళమంటే వెతుక్కోకుండా ఉంటుంది."