లార్జ్ సైజు జనార్ధనరావు

జనార్ధనరావుది ఒకటే సిద్ధాంతం. ఒకే రేటుకి చిన్నదీ పెద్దదీ దొరుకుతుంటే చిన్నది కొనేవాడు వట్టి వెర్రివాడు. తెనాలిలో చిన్నప్పుడు చొక్కా కుట్టించినా, బూట్లు కొన్నా, పెరిగే పిల్లాడని వాళ్లమ్మ వదులుగానే తీసుకునేది. పిల్లాడు పెరగడం ఎప్పుడో ఆగిపోయింది గానీ ఆ అలవాటు ఆగలేదు. నలభయ్యో ఏట, పరాయి దేశంలో, బుకిట్ పంజాంగ్ ఫ్లాట్‌లో కూడా చొక్కా చేతులు మడిచే తొడుక్కునేవాడు.

వై టూ కే గండం గడిచి సాఫ్ట్‌వేర్ ఆఫీసులు కళకళలాడుతున్న రోజులవి. ఉద్యోగులందరూ ఏదో ఒక ఆటలో చేరాలని కంపెనీ హుకుం జారీ చేసింది. బ్యాడ్మింటన్ అయితే పరిగెత్తాలి, ఎయిర్ పిస్టల్ అయితే నిలబడితే చాలు. అందుకని అందులో చేరాడు మహానుభావుడు. చేరాక పిచ్చి పట్టుకుంది. ఇంట్లో అప్పడాల కర్ర పట్టుకుని ఫ్రిజ్‌కి గురిపెట్టేవాడు. ఆ కర్ర చేతికి రాక భార్య రాధ చపాతీలు మానేసి అన్నమే వండేది.

కంపెనీల పోటీకి జట్టులో ఒక్క చోటు మిగిలింది. దానికి ఈయనా, కొత్తగా ఉద్యోగంలో చేరిన పృథ్వీ పోటీ. బళ్లో ఏ ఆట ఆడినా జనార్ధనరావు చేత స్కోరు రాయించేవారే తప్ప జట్టులోకి రానిచ్చేవారు కాదు. ఈసారి ఎలాగైనా రావాలి.

పిస్టల్ చెక్కపిడి ఎవరి చేతికి తగ్గది వాళ్లు తెప్పించుకోవాలని క్లబ్బులో ఆట నేర్పే లిమ్ అంకుల్ చెప్పాడు. అరచేతికీ పిడికీ మధ్య సందు ఉండకూడదు, చూపుడువేలి కొస ట్రిగ్గర్ మీద నిండుగా ఆనాలి. స్మాల్ చాలునని రాధ అంది. మూడు సైజులూ ఒకే రేటని తెలిశాక ఆమె మాట వినేదెవరు? లార్జ్ తెప్పించాడు.

అది పట్టుకుంటే పసిపిల్ల కొబ్బరిబోండాం పట్టుకున్నట్టుంది. వేలు ట్రిగ్గర్‌కి అందీ అందక, గుళ్లన్నీ ఎడమపక్కకి పోయాయి. ఏసీ గాలి తోస్తోందన్నాడు. కళ్లజోడు మార్చాలన్నాడు. లిమ్ అంకుల్ అరచేతికి అరచెయ్యి ఆనించి చూసి, "యువర్ హ్యాండ్ స్మాల్, లా," అన్నాడు అక్కడి యాసలో. క్లబ్బులో ఉన్న స్మాల్ పిడి ఆడవాళ్లు నేర్చుకోవడానికి వాడేది. జనార్ధనరావుకి తల కొట్టేసినట్టయింది. ఛస్తే ముట్టుకోననుకున్నాడు.

ఎంపిక రోజు సగం ఆట అయ్యేసరికి పృథ్వీ ముందున్నాడు. విరామంలో జనార్ధనరావు చెమటలు తుడుచుకుంటూ లిమ్ అంకుల్ దగ్గరికెళ్లి, గొంతు తగ్గించి, ఆ చిన్నది బిగించమని అడిగాడు. ఆయన నవ్వకుండా మరలు విప్పి మార్చి ఇచ్చాడు.

పట్టుకోగానే తెలిసినవాళ్లెవరో చెయ్యి కలిపినట్టయింది. ఎక్కడా సందు లేదు. ఇన్నేళ్లలో తన కొలతకి సరిగ్గా అమరిన వస్తువు ఇదొక్కటే. కళ్లు చెమర్చాయి. గురి చెడుతుందని గబగబా తుడుచుకున్నాడు. ఆ తర్వాత గుళ్లన్నీ నల్ల చుక్కలోనే పడ్డాయి, చోటు ఆయనకే వచ్చింది.

ఇంటికొస్తే రాధ వంటింట్లో గారెలు వేస్తోంది. ఏమైందని అడిగింది. ఆయన ఇంకా తన అరచేతినే మురిపెంగా చూసుకుంటూ, "సరిపోయింది," అన్నాడు.

ఏ పనైనా చెడితేనే ఆ ఇంట్లో ఆ మాట వినపడేది. రాధ మనసు కరిగిపోయింది. ఆయన్ని కూర్చోబెట్టి వేడి గారెలు వడ్డించింది. "పోతే పోయిందిలెండి. వచ్చే ఏడు చూసుకోవచ్చు," అంది. నిజం చెప్పబోయాడు గానీ గారెలు బాగున్నాయి. పళ్లెం ఖాళీ అయ్యాక నెమ్మదిగా బయటపెట్టాడు.

"పోలేదే. పిడి సరిపోయింది. నన్ను జట్టులోకి తీసుకున్నారు."

రాధ చేతిలో చిల్లుల గరిటె ఆగిపోయింది. మొహం విప్పారింది. ఆ వెంటనే కళ్లు చిన్నవి చేసి, "ఏ సైజు?" అని అడిగింది.

జనార్ధనరావు గిన్నెలోంచి ఇంకో గారె తీసి నోట్లో కుక్కుకున్నాడు.