గాలి తోసే బండి

ఆ కారును నేను మొదటిసారి నడిపింది రాజమండ్రి నుంచి కొవ్వూరు వెళ్ళే వంతెన మీద. దాన్ని అమ్ముతున్న డాక్టరుగారు పక్క సీట్లో కూర్చుని, "ఇప్పుడు కొంచెం గట్టిగా తొక్కండి" అన్నారు. తొక్కాను. బానెట్ కింద సన్నటి ఈల లాంటి చప్పుడు పుట్టి పెరుగుతూ పోయింది. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. కింద గోదావరి ఎప్పటిలాగే నింపాదిగా పోతోంది.

"అదేంటండీ ఆ చప్పుడు?" అని అడిగాను.

"సూపర్‌చార్జర్. మామూలు ఇంజను తనకు తానుగా పీల్చుకున్నంత గాలితోనే పనిచేస్తుంది. దీనికి బెల్టుతో తిరిగే ఇంకో యంత్రం ఉంది. అది గాలిని ఒత్తి లోపలికి తోస్తుంది."

నేను నరసాపురంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. గాలికి బరువుంటుందని, ఒత్తిడి పెరిగితే ఏమవుతుందో చూడండని ఏళ్ళ తరబడి బోర్డు మీద రాస్తూ వచ్చాను. ఆ గాలి వచ్చి నా వీపును తోయడం మాత్రం అదే మొదలు. అప్పటికి పదేళ్ళు నడిచిన విదేశీ బండి అని తెలిసీ, ఆ రోజే మాట ఇచ్చేశాను.

మా వారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏనుగును కొనడం తేలికే, మేపడమే కష్టం" అన్నారు.

ఆయన మాట అబద్ధం కాలేదు. పాలకొల్లులో మా ఇంటి నుంచి నరసాపురం కాలేజీకి రోజూ కాలవ గట్టు వెంబడి వెళ్ళి రావాలి. ఆ కొద్ది దూరంలోనే అన్ని కాలాలూ ఎదురవుతాయి. రోహిణి ఎండల్లో కాలవలు కట్టేశాక రోడ్డంతా దుమ్ము. కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, ఊక ఎగిరి ఎయిర్ ఫిల్టర్లో దూరుతుంది. నెలకోసారి ఫిల్టరు తీసి దులిపితే గుప్పెడు ఊక రాలేది. వానాకాలం గుంతల్లో నీళ్ళు, మిగతా కాలమంతా సముద్రం మీంచి వచ్చే ఉప్పు గాలి. ఆదివారం పొద్దున్నే బానెట్ ఎత్తి, కింది రేకులను మంచినీళ్ళతో కడిగేదాన్ని. బెల్టు పగిలిందేమోనని వేలితో తడిమి చూసేదాన్ని. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "ఏవండీ, కారుకీ తలంటు పోస్తారా?" అని నవ్వేది.

మూడో ఏడు వర్షాకాలం వెళ్ళాక ఈల మారింది. ఇంజను తిరుగుతూ బండి నిలబడి ఉన్నప్పుడు లోపల గులకరాళ్ళు కదిలినట్టు గరగరమనేది. రాజమండ్రిలో పెద్ద గ్యారేజీకి తీసుకెళ్ళాను. వాళ్ళు రెండు రోజులుంచుకుని, "సూపర్‌చార్జర్ పోయింది మేడం. కొత్తది బయటి దేశం నుంచి రావాలి, వస్తుందన్న గ్యారంటీ లేదు. బండి అమ్మేసుకోండి" అన్నారు. తిరిగి వస్తుంటే దారంతా ఆ గరగర వింటూనే ఉన్నాను. ఇంట్లో జబ్బు మనిషి దగ్గు విన్నట్టుంది.

తర్వాతి సోమవారం కాలేజీకి వెళ్తూ రైల్వే గేటు పడితే ఆగాను. గేటు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. రోజూ చూస్తున్నదే. రొయ్యల చెరువుల వాళ్ళు మోటార్లూ పంపులూ బాగుచేయించుకునే షెడ్డు. అందులోంచి అరవై దాటిన ఒక పెద్దాయన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ బయటికి వచ్చి, నా కారు ముందు నిలబడి తల పక్కకు వంచి విన్నాడు. తర్వాత అద్దం దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, తప్పుగా అనుకోకండి. ఈ బండిలో బ్లోయర్ ఉందాండీ?"

"సూపర్‌చార్జర్ ఉందండి" అన్నాను.

"పేరేదైనా గానీ, బ్లోయరేనండి అది. వెనకవైపు బేరింగు అరిగిపోయింది. ఇలాగే తిప్పారంటే లోపల రోటర్లు రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఆపెయ్యండమ్మా, ముందు ఆపెయ్యండి."

పెద్ద గ్యారేజీలో కంప్యూటరు పెట్టి రెండు రోజులు చూసినవాళ్ళు పోయిందని మాత్రమే చెప్పగలిగారు. ఈయన మూసిన బానెట్ ఇవతల నిలబడి, ఏ వైపు బేరింగో చెబుతున్నాడు.

"మీకెలా తెలిసిందండీ?"

"ముప్పయ్యేళ్ళుగా హ్యాచరీల్లో ఇదే చప్పుడు వింటున్నానండి. రొయ్య పిల్లల ట్యాంకులకి గాలి పంపేది ఇదే మిషను. కాకపోతే అది బస్తా అంత ఉంటుంది, మీది బిందె అంత ఉండొచ్చు."

బండి అక్కడే వదిలేసి ఆటోలో కాలేజీకి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి ఆయన సూపర్‌చార్జర్ను విప్పి, ఉతికిన తెల్ల దుప్పటి మీద పెట్టి ఉంచాడు. నన్ను చూసి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, మూత తీశాడు. లోపల మెలి తిరిగిన రెండు లోహపు రోటర్లు, జడలో పాయల్లా ఒకదాని సందులోకి ఒకటి ఒదిగి ఉన్నాయి.

"తిప్పండమ్మా" అన్నాడు.

వేలితో తిప్పాను. రెండూ ఎదురెదురుగా దొర్లాయి. అవి ఒకదానికొకటి తగులుతున్నాయేమో అనుకున్నాను. ఆయన దీపం వెనక పట్టి చూపించాడు. మధ్యలో వెంట్రుకవాసి వెలుగు. ఎంత తిప్పినా ఆ వెలుగు అంతే ఉంది.

"నిమిషానికి వేల చుట్లు తిరుగుతాయండి. పుట్టిన కాడ్నించీ ఒకదాన్నొకటి తాకలేదు. తాకాయా, అయిపోయినట్టే. ఆ చివర పళ్ళ చక్రాలే వీటిని అంత దూరంలో పట్టి ఉంచుతాయి" అన్నాడు. ఆయన గొంతు కూడా తగ్గింది. ముప్పయ్యేళ్ళు చూసినవాడికే అలా ఉంటే నా సంగతి చెప్పేదేముంది!

బేరింగు మీద చెక్కిన నంబరు చూసి, అలాంటిదే తెప్పించాడు. ఆదివారం మాత్రం షెడ్డు తియ్యలేదు. "చర్చిలో పెద్దనండి, వెళ్ళకపోతే కుదరదు" అన్నాడు. బుధవారానికి బండి సిద్ధమైంది. స్టార్ట్ చేశాను. గరగర లేదు. గేటు దాటాక తొక్కితే, వంతెన మీద విన్న ఆ సన్నటి ఈల మళ్ళీ వచ్చింది. కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

ఆ తర్వాతి ఏడు వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. కాలేజీలకు సెలవిచ్చారు. పొద్దున్నే ఆయన ఫోను.

"అమ్మా, మిమ్మల్ని అడక్కూడదు గానండి. సముద్రం వైపు హ్యాచరీలో పెద్ద బ్లోయర్ ఆగిపోయింది. చిన్నది ఒక్కటే తిరుగుతోంది, అది చాలదు. దానికి వేసే స్పేరు రోటర్లు నా దగ్గర రెడీగా ఉన్నాయి. ఆటోలు రామంటున్నాయండి."

మా వారు విన్నారు. "ఆ బండి గాలి పీల్చే గొట్టం కిందికి ఉంటుందన్నావు కదా. నీళ్ళు పీల్చిందంటే ఇంజనే పోతుంది."

"నెమ్మదిగా వెళ్తాను" అన్నాను.

షెడ్డు దగ్గర ఆయన్ని ఎక్కించుకుని, దుప్పట్లో చుట్టిన రోటర్లను వెనక సీట్లో పడుకోబెట్టి, బెల్టు పెట్టి బయల్దేరాం. నరసాపురం దాటాక రోడ్డు ఎక్కడో, చేను ఎక్కడో తెలియలేదు. ఒకచోట నీళ్ళు అడ్డంగా పారుతున్నాయి. నేను ఆపేశాను. పెద్దాయన తలుపు తీసి దిగాడు.

"బాబాయిగారూ, ఎక్కండి. వెనక్కి పోదాం" అన్నాను.

"ఉండండమ్మా. ఆయ్, నేను ముందు నడుస్తాను. నా మోకాలు మునిగిందంటే ఆపెయ్యండి."

పంచె ఎగగట్టి, గొడుగు మూసి కర్రలా నేలకు పొడుచుకుంటూ నడిచాడు. ఆయన పిక్కల మీదే కళ్ళు పెట్టి, మొదటి గేరులో వెనకే వెళ్ళాను. అంత బలమున్న బండి మనిషి నడకతో పాకింది. తొక్కితే ఎగిరిపోయే ఇంజను, నీళ్ళకు భయపడి నా కాలి కింద ఒదిగి ఉంది. నీళ్ళు పిక్కల సగం దాకా వచ్చి ఆగాయి. అవతలి గట్టు ఎక్కాక ఆయన కారెక్కి, సీటు తడుస్తోందని రెండు సార్లు క్షమాపణ చెప్పాడు.

హ్యాచరీలో అందరూ ఆయన కోసం గుమ్మంలోనే ఉన్నారు. నేను ఒక మూల స్టూలు మీద కూర్చున్నాను. వరసగా సిమెంటు ట్యాంకులు, వాటిలోకి సన్నటి గొట్టాలు. నీళ్ళ మీద బుడగలు అక్కడొకటి ఇక్కడొకటి నీరసంగా లేస్తున్నాయి. మధ్యాహ్నం దాకా ఆయన తల ఎత్తలేదు. చివరికి మోటారు మీట నొక్కారు. ముందు ఒక మూలుగు, తర్వాత నా కారు ఈలే, కాకపోతే గొంతు లావుగా. ఒక చివర నుంచి మరో చివరకు ట్యాంకులన్నీ ఒకదాని తర్వాత ఒకటి తెల్లగా పొంగాయి.

సూపర్‌వైజరు ఒక గాజు గ్లాసు ట్యాంకులో ముంచి తెచ్చి నా చేతికిచ్చాడు. "చూడండి మేడం."

మొదట నీళ్ళే కనిపించాయి. కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాక కనిపించాయి, అద్దంతో చేసినట్టున్న చిన్న చిన్న ప్రాణులు. కనురెప్ప వెంట్రుకంత కూడా లేవు. ఒక్కోదానికి రెండు నల్లటి చుక్కల్లా కళ్ళు. వందల కొద్దీ కదులుతున్నాయి. ఇలాంటివి ఒక్కో ట్యాంకులో ఎన్నో నాకు ఊహకు అందలేదు. అన్నీ ఆ రెండు ఉక్కు ముక్కలు తోసే గాలితోనే బతుకుతున్నాయి. చాలాసేపు ఆ గ్లాసు కింద పెట్టబుద్ధి కాలేదు.

"బతికాయా?" అని అడిగాడు పెద్దాయన నూనె చేతులతోనే వచ్చి.

"బతికాయండి."

"దేవుడి దయండి" అని స్టూలు మీద కూలబడి, ఎవరో ఇచ్చిన టీ రెండు గుక్కల్లో తాగేశాడు.

బండి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రంగు అక్కడక్కడా వెలిసింది, ఉప్పు గాలికి కింది రేకు ఒకటి మార్చాం. ఏటా వేసవి సెలవుల్లో ఆ షెడ్డులోనే సూపర్‌చార్జర్ విప్పి నూనె మారుస్తాం. ఇప్పుడు మూత నేనే విప్పుతాను. ఆయన కుర్చీ వేసుకుని కూర్చుని, ఏ బోల్టు ముందో, ఏది తర్వాతో చెబుతుంటాడు. పోయిన వేసవిలో మా వారు కూడా వచ్చారు. పక్కనే నిలబడి, నేను రోటర్లను వేలితో తిప్పడం కాసేపు చూసి, చొక్కా చేతులు మడిచి, "నన్నూ ఒకసారి తిప్పనివ్వు" అన్నారు.