వారం వారం చచ్చే అల్లుడు

క్రీస్తురాజుకు టీవీలో పేరు తెచ్చిపెట్టింది శవం వేషం. చిట్టమూరు దగ్గర పల్లెలో పుట్టి, చర్చిలో క్రిస్మస్ నాటకాల్లో గొర్రెల కాపరిగా మొదలైనవాడు, నటనలో ఎదిగి ఎదిగి చివరికి కదలకుండా పడుకునే స్థాయికి చేరాడు. ఈ మాట ఆయనే చెప్పుకుని, అందరికంటే ముందు తనే నవ్వుతాడు.

హైదరాబాదులో ఒక కామెడీ షోలో మొదట గుంపులో నిలబడే పని దొరికింది. ఒకరోజు శవంగా పడుకోవాల్సిన మనిషి రాకపోతే ఇతన్ని పడుకోబెట్టారు. స్కిట్ మధ్యలో దండలోని బంతిపూరేకు ముక్కులో దూరి తుమ్మాడు. దర్శకుడు తిట్టబోయి, జనం పొట్టలు పట్టుకుని నవ్వడం చూసి ఊరుకున్నాడు. అప్పట్నుంచి వారానికోసారి చావడం, ఏడ్చేవాళ్ల మధ్య లేచి కూర్చోవడం ఆయన ఉద్యోగమైంది.

సూళ్లూరుపేటకు పెళ్లిచూపుల్లో మెర్లిన్‌ను చూడ్డానికి వెళ్లినప్పుడు, ఆమె తల్లి ఎలిశబెతు కాఫీ ఇచ్చి ఎగాదిగా చూసింది.

"నువ్వేనా అబ్బయ్యా, టీవీలో చచ్చిపోయేది?"

"నేనేనమ్మా."

"మా ఇంట్లో అందరూ నవ్వతారు. నాకైతే రాలా. చచ్చిపోయినోడు అట్టా ఉండడు."

మెర్లిన్ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్లి జరిగింది. అయితే ఎలిశబెతు ఒప్పుకుంది మనిషిని చూసి, నటుణ్ని చూసి కాదు.

పోయిన ఏడాది చిల్లకూరులో బంధువుల రిసెప్షన్. జనం బతిమాలితే క్రీస్తురాజు వేదికెక్కి నాలుగు మాటలు చెప్పాడు. దిగేటప్పుడు మెట్టనుకుని పూలకుండీ మీద కాలేసి ధబ్బున పడ్డాడు. కాలు పోయిందని అరిస్తే ఈలలు వేశారు. "లెయ్యలేకుండా ఉండా, ఎవురన్నా పట్టుకోండయ్యా" అంటే చప్పట్లు కొట్టారు. మెర్లిన్ కూడా నవ్వుతూనే ఉంది. నొప్పికి కళ్లనీళ్లు కారుతున్నా, స్టూడియోలో తనను చూసి జనం ఎప్పుడూ ఇంతగా నవ్వలేదే అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

భోజనాల దగ్గర్నుంచి ఎలిశబెతు కుర్చీలు నెట్టుకుంటూ వచ్చింది.

"ఆటో పిలవండి. ఇది యాక్టింగు కాదు."

"నీకెట్టా తెలుసు పిన్నమ్మా?" అన్నాడెవరో.

"ఇంత బాగా చేసేది ఆయనకి రాదు."

ఎముక విరిగింది. కట్టుతో అత్తగారింట్లోనే మంచమెక్కాడు. మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం పెట్టి, ఆమె పక్కన కూర్చుని అతని పాత స్కిట్లు ఫోన్లో చూసేది.

"పళ్లు బిగిస్తావెందుకు? మీ మామ పోయినప్పుడు పక్కనే కూర్చోనుండా. ముఖం నెమ్మదిగా ఉండింది, పని ముగించుకోని పడుకున్నట్టు."

క్రీస్తురాజు దిండు మీద తల వాల్చి, దవడ వదులు చేసి, కళ్లు మూశాడు. కాసేపటికి భుజమ్మీద చెయ్యి పడింది.

"చాల్లే, లెయ్ నాయనా" అంది ఎలిశబెతు. ఫోన్ బోర్లించి వంటింట్లోకి వెళ్లింది.

ఎముక అతుక్కున్నాక షోకు తిరిగి వెళ్లి, నేర్చుకున్నట్టే పడుకున్నాడు. దర్శకుడు షూటింగ్ ఆపేశాడు.

"ఏంటయ్యా, నిజంగా పోయినట్టున్నావు. చూస్తే భయమేస్తోంది. ఎప్పట్లాగే చెయ్యి."

ఆ సాయంత్రం మెర్లిన్‌కు ఫోన్ చేశాడు. "మీ అమ్మ చెప్పిన చదువు ఈడ చెల్లలేదు. మళ్లీ చెడ్డగా చెయ్యమంటున్నారు. అదైతే నాకు వచ్చిన పనేగదా" అన్నాడు.