గీతకు ముందే ఆగిన పడవ

ఆ రోజు డబ్లిన్ లిఫీ నదిలో, పందెంలో ఉన్న మా ఆఫీసు పడవను ముగింపు గీతకు ముందే ఆపించింది నేను. ఈ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నింద ఒక జర్మన్ మనిషి మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను.

ఆయన ఒకప్పుడు పడవ పందాల్లో ప్రపంచ విజేత. డబ్లిన్‌లో టెక్ కంపెనీలు వీధికొకటి చొప్పున తెరుచుకుంటున్న రోజుల్లో మా కంపెనీ ఆయన్ను సేల్స్‌లోకి తీసుకుంది. పని కోసం కాదు, పేరు కోసం. రిసెప్షన్‌లో పతకంతో ఆయన నిలువెత్తు ఫొటో ఉండేది. ఊరి శివారు టాలట్‌లో మా తెలుగువాళ్లు పిల్లల పుట్టినరోజులకు ఆయన్ను తీసుకురమ్మని నా ప్రాణం తీసేవారు. వచ్చేవాడు, పాపం. ఆవకాయ అన్నం తిని, కారానికి కళ్లు తుడుచుకుంటూ, బాగుందనడానికి ఐరిష్ వాళ్లలా "గ్రాండ్" అనేవాడు. ఆయన కోరుకున్నది మాత్రం ఒక్కటే, నది ఒడ్డునున్న రోయింగ్ క్లబ్బులో కోచ్ పని. ఆఫీసుల మధ్య పందెం అయ్యాక తేలుస్తామన్నారు క్లబ్బువాళ్లు.

తెడ్లు వేసేవాళ్లు పడవ పోయే వైపుకు వీపు పెట్టి కూర్చుంటారు. ఎదర ఏముందో కనిపించేది చుక్కాని పట్టేవాడికి ఒక్కడికే. బక్కగా ఉన్నానని ఆ పని నాకిచ్చారు. పందేనికి ముందు ఒడ్డు వెంట నడిచి ముగింపు జెండా ఎక్కడుందో చూసుకోమని ఆయన మరీ మరీ చెప్పాడు. నేను మావాళ్లకు ఆయనతో ఫొటోలు తీస్తూ ఉండిపోయాను.

పందెంలో మేమే ముందున్నాం. పసుపు జెండా కనబడగానే అదే ముగింపనుకుని "ఆపండి!" అని అరిచాను. ఆయన నాకు ఎదురుగా కూర్చున్న మొదటి తెడ్డు. గాలికి నా అరుపు వెనకవాళ్లకు అందదు, వాళ్లు ఆయన్ను చూసే తెడ్డు వేస్తారు. ఆయన ఆపి, వెనకవాళ్లకు సైగగా చెయ్యి గాల్లోకి ఎత్తాడు. అందరూ ఆపారు. అది టీ టెంటు జెండా. గీత ఇంకా ముందుంది. పక్క పడవ మమ్మల్ని దాటిపోయింది.

"ఏరా, మీ హీరో గీత దాటకముందే గెలిచినట్టు చెయ్యెత్తి దండ వేయించుకుందామనుకున్నాడా?" అన్నాడు ఒడ్డున నా స్నేహితుడు. నేనూ నవ్వాను. ఆయన నా వైపు చూశాడు. నేను లైఫ్ జాకెట్ విప్పుకుంటూ తల దించుకున్నాను. నేనే చెబుతానని ఆగాడేమో, ఆయన నోరు విప్పలేదు. ఇంట్లో మా అమ్మాయి గోడ మీది ఆయన ఫొటో పీకేస్తూ "హీ ఈజ్ ఎ బిట్ ఆఫ్ ఎ షో ఆఫ్, డాడీ" అంది. "అవునమ్మా" అన్నాను.

కోచ్ పని ఇంకొకరికి ఇచ్చారు. రిసెప్షన్‌లో ఫొటో ఉన్నచోట ప్లాస్టిక్ మొక్క వచ్చింది. పేరు పోయిన మనిషితో సేల్స్‌లో ఏం పని? కొన్నాళ్లకు ఆయన్నూ పంపేశారు. నాకు ప్రమోషన్ ఇచ్చారు.

ఆయన నేవన్ అనే ఊళ్లో ఒక జిమ్‌లో పనిచేస్తున్నాడని ఈమధ్య విని వెళ్లాను. ట్రెడ్‌మిల్ తుడుస్తున్నాడు. తప్పు నాదేనన్నాను.

"నువ్వు అరిచింది నేను విన్నాను" అన్నాడు, గుడ్డ పిండుతూ. "విననివాళ్లు క్లబ్బులో ఉన్నారు."

ఆ శనివారం క్లబ్బుకు వెళ్లాను. పాతవాళ్లు టీ తాగుతున్నారు. కొందరికి ఆ పందెమే గుర్తులేదు. ఒకాయన మాత్రం "ఓ, ఆ చెయ్యెత్తిన జర్మనా!" అని పగలబడి నవ్వాడు.

"ఆపమన్నది నేను" అన్నాను. "ఆయన నన్ను నమ్మి ఆపాడు. మీరు నవ్వుతుంటే నిజం తెలిసీ మీతోపాటు నవ్వాను. ఆయన్ను మీ ముందు దోషిని చేసినందుకు, మీ అందరి ముందే ఆయనకు క్షమాపణ చెబుతున్నాను."