ఇద్దరు మోసే బండ

నాతోపాటే రిటైరైన స్నేహితురాలు ఈ ఉదయం ఫోన్ చేసి, కంప్యూటర్ ఆటలకు జడ్జీవయ్యావటగా, శాలువా కూడా కప్పారటగా అని ఆటపట్టించింది. ఔనని నవ్వి, పొయ్యి మీద పాలున్నాయని అబద్ధమాడి ఫోన్ పెట్టేశాను. ఆ శాలువా మాట ఎత్తితే ఇప్పుడు నాకు ప్రాణం చచ్చిపోతుంది. ఎర్ర సిరా పెన్ను పట్టుకుని బతుకంతా పరాయి పిల్లల మాటలు దిద్దిన నా ఈడు పంతులమ్మలు కొందరైనా నా బాధ అర్థం చేసుకుంటారన్న ఆశతో ఇది రాస్తున్నాను.

వికారాబాద్‌లో మా ఇంటికి కాస్త దూరంలో ఉన్న ఒక కాలేజీలో గేమ్ జామ్ అని పెట్టారు. జామ్ అంటే రొట్టెకు రాసుకునేదో, లేకపోతే రైల్వే గేటు పడ్డప్పుడు రోడ్డు మీద అయ్యేదో అని మాత్రమే తెలిసిన నాకు, ఇప్పుడు అక్కడ పాఠాలు చెబుతున్న నా పాత శిష్యురాలు ఇంటికి వచ్చి ఓపికగా వివరించింది. ఒక అంశం ఇస్తారట, పిల్లలు జట్లుగా కూర్చుని ఆ శని, ఆదివారాల్లోనే ఒక చిన్న వీడియో గేమ్ తయారుచేయాలట. ఈసారి అంశం ఇద్దరు కలిస్తేనే అయ్యే పని, కాబట్టి ఆటలన్నీ ఇద్దరు కూర్చుని ఆడేవే. ఆటలో మాటలు తెలుగులోనే ఉండాలి కనుక భాష చూడ్డానికి మీరు రావాలి మేడం అంది. గెలిచిన జట్టు హైదరాబాద్‌లో జరిగే పెద్ద పోటీకి వెళుతుందనీ, అక్కడికి కంపెనీలవాళ్లు వస్తారనీ, మన పిల్లలకు అలాంటి అవకాశం మళ్లీ మళ్లీ రాదనీ కూడా చెప్పింది. నాకేం తెలుసమ్మా, నేనెందుకు అని ఒకటికి రెండుసార్లు అన్నాను కానీ, ఆ అమ్మాయి గేటు దాటిందో లేదో గద్వాల చీర ఇస్త్రీకి ఇచ్చి వచ్చాను.

నాతోపాటు కూర్చున్న రెండో జడ్జి హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రవాడు, ఆటలు తయారుచేయడమే అతని ఉద్యోగం. మర్యాద తెలిసినవాడు, నాకు కుర్చీ జరిపి, మీటలు ఎలా నొక్కాలో విసుక్కోకుండా చూపించాడు. ఒక జట్టు కాడెద్దులను ఇద్దరితో నడిపించింది, ఇంకో జట్టు బావిలో పడ్డ బిందెను ఇద్దరితో తీయించింది. నిజం చెప్పొద్దూ, నాకు మస్తు హుషారు పుట్టింది. మా కాలంలో పచ్చీసు ఆడేటప్పుడు ఎదుటివాళ్ల గవ్వల మీద కన్నేసి కూర్చున్న ఆ పాత బుద్ధి మళ్లీ లేచి వచ్చింది. ఎద్దుల ఆటలో ఆ కుర్రవాడి కంటే నేనే బాగా తోలానని అందరూ చప్పట్లు కొట్టేసరికి, ఇక నాకు రాని విద్య లేదనుకున్నాను.

చివరగా వచ్చినవాళ్లు ఇద్దరు ఆడపిల్లలు, ఒకమ్మాయిది తాండూరు, రెండో అమ్మాయిది బొంరాస్‌పేట దగ్గరి ఊరు. వాళ్ల ఆటలో ఇద్దరు ఆడవాళ్లు ఒక పెద్ద నాపరాతి బండను చెరో కొస పట్టుకుని లారీ దాకా మోయాలి. ఒకామె ముందుకు నడుస్తుంది, ఆమెకు దారంతా కనిపిస్తుంది. రెండో ఆమె వెనక్కి నడుస్తుంది, ఆమెకు ఎదుటి మనిషి ముఖం తప్ప ఏమీ కనిపించదు. తెర రెండు సగాలు, మధ్యలో అట్ట అడ్డం, ఎవరి సగం వాళ్లకే కనిపిస్తుంది. దారి కనిపించే మనిషి మీట నొక్కితే రెండో మనిషి సగంలో ఒక మాట వస్తుంది, ఆ మాటను బట్టి ఆమె నడవాలి. ఉన్నవి మూడే మాటలు: రా, తడి, దించు. కుర్రవాడు దారి చూసే మనిషయ్యాడు, నేను వెనక్కి నడిచే మనిషినయ్యాను. తాండూరు అమ్మాయి ఏదో చెప్పబోతే, ఆట ఆడితే తెలియాలి కానీ పక్కన నిలబడి అర్థాలు చెప్పకూడదని గద్దించాను, తరగతిలో ఉన్న అలవాటు కొద్దీ.

రా అన్నప్పుడు బాగానే నడిచాను. తడి అని వచ్చింది. నేల తడిగా ఉంది కాబోలు, జారకముందే దాటేయాలి అనుకుని గబగబా నాలుగడుగులు వేశాను, బండ కిందపడి రెండు ముక్కలయింది. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ తడి, మళ్లీ గబగబా అడుగులు, మళ్లీ ముక్కలు. వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. ఎద్దులు తోలిన మహారాణికి ఆ నవ్వుతో ఒళ్లు మండిపోయింది. మీట మీద నుంచి చేయి తీసేసి, తడి అంటే చెమ్మ, ఇక్కడ చెమ్మ ఎక్కడుంది, రాసే ముందు ఒక్కసారి ఎవరినైనా అడగొద్దా, తెలుగు రాకపోతే తెలుగులో ఆట ఎందుకు చేయడం అని నిండు సభలో ఆ పిల్లలిద్దరినీ నిలబెట్టి దులిపేశాను.

తాండూరు అమ్మాయి భయపడుతూనే చెప్పింది. "తడి అంటే ఆగు అని మేడం. మా అమ్మోళ్లు బండ మోసేటప్పుడు గట్లనే అంటరు."

కుర్రవాడు నా వైపు తిరిగాడు. అతని సగంలో ఆ మీట మీద అరచేయి బొమ్మ ఉందట, అందుకే అతనికి ఇబ్బంది కాలేదు. తనకు అన్నిట్లోకి ఈ ఆటే నచ్చిందనీ, భాష సంగతి మాత్రం తనకు తెలియదనీ, పరిచయంలో మీది తాండూరే అన్నారు కదా మేడం, అక్కడ ఆ మాట ఉందా, మీరేమంటే అదే అనీ అన్నాడు. అందరూ నా నోటివైపే చూస్తున్నారు. నేను పుట్టింది తాండూరే, ఆ మాట ఎన్నడూ వినలేదు అని చెప్పాను. ఆ పిల్ల తలవంచుకుని, సరే మేడం అంది. ఎద్దుల జట్టు హైదరాబాద్ వెళ్లింది. నాకు శాలువా కప్పారు, ఆ రోజు అది భుజాల మీద బాగానే నిలిచింది.

ఆ తర్వాతి వారం తాండూరు వెళ్లాను. వికారాబాద్‌లో రైలెక్కితే పత్రిక తిరగేసేలోపే వచ్చే ఊరు, అయినా ఏడాదికి ఒకట్రెండు సార్లకు మించి వెళ్లను. అక్కడ మా అక్క ఉంటుంది. ఇంటికి సున్నం వేయించాలని సామానంతా బయట పెడుతోంది, ఇనుప మంచం ఒక్కటే మిగిలింది, జర ఒక కొస పట్టవే అంది. నేను గుమ్మం వైపు వెనక్కి నడుస్తున్నాను, అక్క ఎదురుగా మంచం కొస పట్టుకుని వస్తోంది. తడి, అంది అక్క. నా కాలు ఆగిపోయింది. వెనక గుమ్మం కడప ఉంది, ఇంకొక్క అడుగు వేస్తే వెల్లకిలా పడేదాన్ని.

నేను ఆలోచించి ఆగలేదు. మాట చెవిన పడింది, కాలు ఆగింది, అర్థం తర్వాత ఎప్పటికో వచ్చింది. అక్కకైతే తానేమన్నదో కూడా తెలియదు. "గట్ల నిలవడ్డవేందే, కడప దాటు, చేతులు గుంజుతున్నయ్," అని కసురుకుంది. మంచం బయట దించి దాని మీదే కూలబడ్డాను.

అప్పుడు అంతా వరదలాగా వచ్చి మీద పడింది. మా అమ్మ పుట్టిల్లు సరిహద్దుకు అవతల, కన్నడ ఊరు, అక్కడ తడి అంటే ఆగు అనే. అమ్మ, మా చిన్నమ్మ ఇద్దరూ బండల పాలిష్ మిల్లులో లారీలకు బండలు ఎత్తేవాళ్లు, తెల్లటి దుమ్ము కనుబొమ్మల దాకా పట్టి, సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఎవరు అమ్మో ఎవరు చిన్నమ్మో మాటను బట్టి పోల్చుకోవాల్సి వచ్చేది. వేసవి సెలవుల్లో అక్క, నేను కూడా చిన్న బండలు మోసేవాళ్లం. అక్క ఎప్పుడూ దారి చూసే కొస, నేను ఎప్పుడూ వెనక్కి నడిచే కొస, ఎందుకంటే నాకు తొందరెక్కువ, దారి చూసే పని నాకు అప్పగిస్తే ఇద్దరి కాళ్లూ విరుగుతాయని అమ్మ అనేది. నా చిన్నతనమంతా అక్క నోటిని నమ్ముకుని వెనక్కి నడిచాను. ఒక్కరోజు కూడా నా కాలి మీద బండ పడలేదు.

మరి ఆ మాట ఎక్కడికి పోయింది? అదీ గుర్తుకొచ్చింది, గుర్తు రాకపోయినా బాగుండేది. చదువుకోవడానికి వికారాబాద్ హాస్టల్‌కు వచ్చిన కొత్తలో ఒక పిల్ల నా పళ్లెంలో చారు పోస్తుంటే, చాలు, తడి తడి అన్నాను. ఆ పిల్ల ఆగకుండా పోస్తూనే, పళ్లెం తడిగా ఉందేమోనని తొంగి చూసింది, చారంతా నా పావడా మీద పడింది. ఇక నెలల తరబడి హాస్టల్లో నా పేరే తడి అయిపోయింది. రాత్రిళ్లు దుప్పటి ముసుగేసుకుని ఒక్కొక్క మాటా నాలుక మీంచి గీకి పారేశాను. తెలుగు పండితురాలిని కావాలని పట్టుబట్టింది కూడా ఆ కసితోనే. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఏమిటో పిల్లలకు ఏళ్ల తరబడి అర్థం చెప్పాను, అది నా కథేనని ఒక్కనాడూ తోచలేదు.

మంచం మీద కూర్చుని అక్కకు జరిగిందంతా చెప్పాను. మొదట నేను బండ పగలగొట్టిన సంగతికి పడీ పడీ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, నా ముఖం చూసి అడిగింది. "నీకు నిజంగనే యాదికి రాలేదా, లేకుంటే నలుగుర్ల సిగ్గయిందా?"

మంచం పట్టీ మీది తుప్పును గోటితో గీకుతూ కూర్చున్నాను. గుర్తు రాలేదనే ఒట్టు వేయగలను, కానీ అంత సులువుగా, అంత గట్టిగా ఎన్నడూ వినలేదని నా నోటి నుంచి ఎలా వచ్చిందో మాత్రం తెలియదు. అక్క మళ్లీ అడగలేదు, చాయ్ పెడతానని లేచింది. ఆమె అడగకపోవడం నాకింకా కష్టంగా అనిపించింది.

అక్కడి నుంచే నా శిష్యురాలికి ఫోన్ చేశాను. ఫలితం పంపేశాం మేడం, ఇప్పుడు మార్చడం కుదరదు అంది. కుర్రవాడికి చేశాను, అయ్యో అన్నాడు, ఇక తన చేతుల్లో కూడా ఏమీ లేదన్నాడు. చివరకు నంబరు సంపాదించి తాండూరు అమ్మాయికే చేశాను. బస్సులో ఉన్నట్టుంది, కండక్టరు కేకల మధ్య గొంతు పెంచి మాట్లాడింది. తప్పు నాదేనమ్మా, ఆ మాట ఉంది, మా అమ్మ కూడా అనేది అని చెప్పాను.

"పర్వాలేదు మేడం, మీరు చెప్పినంక మార్చేసినం," అంది ఆ పిల్ల, నన్ను ఓదారుస్తున్నట్టుగా. "ఇప్పుడు ఆగు అని పెట్టినం, అందరికీ మంచిగ అర్థమైతున్నది. మా అమ్మకు గూడ చెప్పిన, గట్ల అనొద్దు, అది తప్పు మాట అంట అని."

మళ్లీ పాత మాటే పెట్టు తల్లీ, మీ అమ్మకు కూడా చెప్పు, నేను బతిమాలుకుంటున్నానని చెప్పు అన్నాను. సరే మేడం అంది. ఆ రోజు సభలో తలవంచుకుని అన్న సరే మేడం, ఇదీ ఒకేలా వినిపించాయి. పెట్టిందో లేదో అడిగే ముఖం నాకు లేదు.

ఇప్పుడు తాండూరులో చాలాచోట్ల బండలను యంత్రాలు ఎత్తుతున్నాయి, వెనక్కి నడిచేవాళ్లు తగ్గిపోయారు. మంచిదే, మా అమ్మ నడుము ఎలా వంగిపోయిందో నాకు తెలుసు. అమ్మ బండలు మోస్తుందని తోటి పిల్లలకు తెలియకూడదని నేను అప్పట్లో ఎన్ని అబద్ధాలాడానో లెక్కలేదు, ఈ పిల్ల మాత్రం అదే పనిని కంప్యూటరులో ఆటగా చేసి, అమ్మ మాటను అమ్మ అన్నట్టే రాసి, నలుగురి ముందూ నిర్భయంగా నిలబడింది. మా తరం చేయలేని పని అది. హాస్టల్లో నా మాటకు నవ్వినవాళ్లు పరాయి ఊళ్లవాళ్లు, చిన్నపిల్లలు, వాళ్లకు తెలియదు. ఈ పిల్లకు అమ్మ మాటంటే సిగ్గు నేర్పడానికి వాళ్లెవరూ రానక్కర్లేకపోయింది, సొంత ఊరిదాన్ని నేనే వెళ్లి నేర్పి వచ్చాను.