బాబాయిని కొట్టాలనుకున్న రోజు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. సిటీ బస్సులో ఎవరైనా కాలు తొక్కినా, ఆటోనగర్‌లో నేను పనిచేసే స్పేర్ పార్టుల షాపులో ఎవరైనా కొన్న సామాను మర్నాడు వెనక్కి తెచ్చినా మొహం ఎర్రబడిపోయేది. మా చర్చి కుర్రాళ్ళు నాకు అగ్గిపెట్టె అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినందుకు కూడా కోపం వచ్చింది. (యవ్వనస్థుల కూడికలో కోపాన్ని జయించడం గురించి మాట్లాడింది కూడా నేనే. చాలా బాగా చెప్పానన్నారు.) అలాంటి నేను, మా నాన్న పోయిన రోజున మా బాబాయిని కొట్టి తీరాలని నిర్ణయించుకున్నాను.

నాన్న లారీ డ్రైవరు. ఆదివారం ఊళ్ళో ఉంటే చర్చికి వచ్చేవాడు, సాయంత్రమైతే తాగేవాడు. ఆయన తమ్ముడు, అంటే మా బాబాయి, ఒకప్పుడు నాన్నతో సమానంగా తాగినవాడే. తర్వాత దేవుడి వైపు తిరిగి, రక్షణ పొంది, తాగుడు మానేసి, పక్క ఊరి ప్రార్థన మందిరంలో సంఘపెద్ద అయ్యాడు. అప్పట్నుంచి అన్న గడప తొక్కలేదు. లివరు పాడై నాన్న విజయవాడ ఆసుపత్రిలో పడి ఉన్నన్నాళ్ళూ కూడా రాలేదు. వార్డు తలుపు చప్పుడైనప్పుడల్లా నాన్న తల తిప్పి చూసేవాడు. ఎవరి కోసమని మేం అడగలేదు.

వానాకాలం. కాలవ గట్టు పక్కనున్న మా ఇంటి ముందు షామియానా ఒకటే కారుతోంది. ఫ్రీజర్ బాక్సులో నాన్న, పక్కనే చాప మీద అమ్మ. బాబాయి ఇస్త్రీ చేసిన తెల్లబట్టల్లో వచ్చాడు. ఏడవలేదు. పాస్టరుగారు బంధువుల తరఫున రెండు మాటలు చెప్పమంటే మైకు అందుకున్నాడు.

"మా అన్న మంచోడే. కానీ మారుమనస్సు లేకుండా పోయాడు. అట్టాంటోళ్ళు ఎక్కడికి పోతారో మీకు తెలుసు. మీరన్నా జాగ్రత్తపడండి."

జనం తలలు దించుకున్నారు. నేను లేచాను. అమ్మ నా చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది.

"ముందు మీ నాన్నని మట్టిలో పెట్టు. తర్వాత కొడుదువుగాని" అంది, మంచినీళ్ళు తెమ్మని చెప్పినంత నెమ్మదిగా.

అలా కొట్టడం వాయిదా పడింది. సమాధుల తోటకి వెళ్తున్న వ్యాను వెనక నడుస్తూ నేను ఏర్పాట్లు ఆలోచించుకున్నాను. చెంప మీద కొడితే సరిపోతుందా? కళ్ళజోడు తీయమని చెప్పి కొట్టాలా, చెప్పకుండానే కొట్టాలా? చెప్పకుండా కొడితే అద్దం పగిలి కంట్లో గుచ్చుకోవచ్చు, అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సింది మళ్ళీ నేనే. నేను తలొంచుకుని నడుస్తుంటే, దుఃఖం ఆపుకోలేకపోతున్నాననుకుని చుట్టాలు భుజం తడుతున్నారు.

తీరా వెళ్ళేసరికి గోతిలో సగానికి నీళ్ళు. మా వైపు నాట్లకి కాలవలు వదిలాక ఎక్కడ తవ్వినా ఇంతే. గొయ్యి తవ్వినాయన ఊట అనీ, ఎంత తోడినా మళ్ళీ వస్తందనీ, ఈ వానల్లో అందరినీ ఇట్టాగే పెడతన్నామనీ చెప్పాడు. పెట్టె తేలకుండా మీద రాళ్ళు పెడతానన్నాడు. పాస్టరుగారు ఆకాశంకేసి చూశారు. అంతలో బాబాయి చెప్పులు విడిచి, తెల్లబట్టలతోనే గోతిలోకి దిగిపోయాడు. తొడల దాకా నీళ్ళు. బకెట్ అడిగాడు. ఆ మంచిపేరు ఆయనొక్కడికే దక్కడం ఇష్టంలేక నేనూ ఇంకో బకెట్‌తో దూకాను.

ఇద్దరం తోడుతున్నాం. ఇరుకు గొయ్యి కదా, మోచేతులు తగులుతున్నాయి, బురద మొహాన పడుతోంది. పైనున్నవాళ్ళకి మా తలలు తప్ప ఏమీ కనపడవు. కొట్టడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదని నాకు తట్టకపోలేదు. అప్పుడు బాబాయి తల ఎత్తకుండానే అన్నాడు.

"మా అన్నకి నీళ్ళంటే భయంరా. చిన్నప్పుడు కాలవలో మునిగి చావు తప్పించుకున్నాడు. ఆయన్ని నీళ్ళలో పెట్టనివ్వను."

ఆ సంగతి నాకు తెలియదు. కాలవ గట్టున పుట్టి పెరిగిన నాన్న రేవు మెట్టు దిగకుండా చెంబుతో ఎందుకు స్నానం చేసేవాడో, నన్ను ఈతకి ఎందుకు పోనిచ్చేవాడు కాదో, ఆయన సమాధిలో నిలబడి తెలుసుకున్నాను. నా కోపం పోలేదు. కానీ రెండు చేతుల్లోనూ బకెట్ ఉంది.

అడుగు కనపడగానే ఇసుక పోయించి నేను పైకి వచ్చేశాను. బాబాయి రాలేకపోయాడు. మోకాళ్ళ నొప్పులు, పట్టుకున్నచోటల్లా మట్టి జారిపోతోంది. అందరూ పెట్టె దగ్గరికి వెళ్ళారు. ఆయన నన్ను పిలవలేదు. మనిషిని చెడు వైపు లాగే శోధన గురించి చర్చిలో చాలాసార్లు విన్నాను గానీ, దాన్ని ఎదురుగా చూడటం అదే. మా నాన్నని నరకానికి పంపినవాడు గోతిలో ఉన్నాడు, కాసేపు ఉండనిద్దాం అనిపించింది. అడుగున మళ్ళీ నీళ్ళు ఊరుతున్నాయి. ఇంకాస్త ఆలస్యమైతే మా శ్రమంతా వృథా. మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి అందించాను. మనిషి మహా బరువు. లాగుతుంటే ఇద్దరం గట్టు మీద బోర్లా పడ్డాం. ఎవరూ నవ్వలేదు.

నాన్నని పొడిగానే దించాం. గబగబా మట్టి పోశారు. మొదటి పార మట్టి పెట్టె మీద పడిన చప్పుడికి, బాబాయి అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆసుపత్రి గురించి ఆ రోజూ ఏమీ అనలేదు, తర్వాతా అనలేదు. మైకులో అన్న మాట కూడా వెనక్కి తీసుకోలేదు. నేను క్షమించడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఒక్కోసారి ఇప్పటికీ మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తుంది.

అంతా వెళ్ళిపోయాక ఇద్దరం కాలవ రేవులో దిగాం. చొక్కా విప్పి ఒళ్ళు కడుక్కుంటుంటే బాబాయి వెనక నుంచి, "వీపంతా బురదేరా, నీకందదు. ఇటు తిరుగు" అన్నాడు. తిరిగాను. పొద్దున్నుంచీ ఆయన్ని ఎక్కడ కొట్టాలా అని ఆలోచించిన కుర్రాడు, ఆయనకే వీపు అప్పగించి, చలికి వణుకుతూ, గట్టిగా తోమితే నొప్పని కూడా చెప్పకుండా నిలబడ్డాడు. ఆ వెర్రివాణ్ణి తలుచుకుంటే ఇవాళ నాకు నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది.